ముక్తినాథ్ యాత్రలో నీళ్ళ జాగ్రత్త: బాటిల్ నీళ్ళు కొంటే సరిపోదు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. మే చివర్లో విజయవాడ నుంచి ఒక యాత్రా బృందంతో నేపాల్‌లోని ఖాట్మండు, పోఖరా, ముక్తినాథ్ వెళ్తున్నారు. వెంట 68 ఏళ్ళ అమ్మగారు, ఆరేళ్ళ బాబు ఉంటారు. అమ్మగారికి షుగర్, బీపీ ఉన్నాయి. "బాటిల్ నీళ్ళే తాగుతాం కదా, ఇంకా జాగ్రత్తలు కావాలా? ఫిల్టరు కొనాలా? టీడీఎస్ మీటరు పట్టుకెళ్తే చాలదా?" అని అడిగారు. నేను చాలాకాలం నీటి పరీక్షల ల్యాబులో పనిచేశాను. ఇప్పుడు నేపాల్ వెళ్ళే బృందాలకు తోడుగా వెళ్తుంటాను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు సూటిగా చెప్పేస్తాను. బాటిల్ నీళ్ళు తప్పనిసరే, కానీ వాటితో పని పూర్తికాదు. యాత్రలో కడుపు పాడైనవాళ్ళను ఎవరిని కదిపినా "మినరల్ వాటర్ తప్ప ఇంకోటి ముట్టలేదండీ" అంటారు. అబద్ధం కాదు. కాకపోతే పొద్దున పళ్ళు తోముకుని కుళాయి నీళ్ళతోనే పుక్కిలించి ఉంటారు. మధ్యాహ్నం పల్చటి మజ్జిగ పోసుకుని ఉంటారు. సాయంత్రం వేడివేడి మోమోలు చూసి ముచ్చటపడి, పక్కనే ఉన్న ఎర్ర చట్నీలో ముంచుకుని తిని ఉంటారు. ఇవేవీ మన లెక్కలో 'తాగిన నీళ్ళు' కావు. క్రిములకు ఆ తేడా తెలియదు కదా.

ఖాట్మండు కుళాయి గురించి ఒక మాట. అక్కడ నీళ్ళు రోజంతా రావు, విడతలవారీగా వదులుతారు. 2021 మార్చిలో మేలమ్‌చీ నది నుంచి తవ్విన సొరంగం గుండా నగరానికి కొత్త నీళ్ళు వచ్చాయని జనం సంబరపడ్డారు. అదే ఏడాది జూన్‌లో వచ్చిన వరద ఆ పథకాన్ని దెబ్బతీసింది. నీళ్ళు వదలని వేళ గొట్టంలో ఒత్తిడి ఉండదు. పాత గొట్టాలకు పగుళ్ళుంటే చుట్టూ నేలలో ఊరిన మురుగు లోపలికి లాగేసుకుంటుంది. మళ్ళీ నీళ్ళు వదిలినప్పుడు అదంతా కలిసే వస్తుంది. ఇది మన ఊళ్ళలోనూ జరిగేదే. వానాకాలం మొదట్లో మన దగ్గర అతిసారం వార్తలు ఎందుకొస్తాయో, అక్కడా అందుకే వస్తాయి. 2022 జూన్‌లో ఖాట్మండు పక్కనే ఉన్న లలిత్‌పూర్‌లో కలరా కేసులు బయటపడితే, నగరపాలక సంస్థ ఊరంతా పానీపూరీ అమ్మకాలే ఆపించింది. పూరీలో తప్పేముంది, తప్పంతా పానీలోనే.

"మనం ఇండియావాళ్ళం, ఇలాంటివి పుట్టినప్పటి నుంచీ తాగుతున్నాం, మనకేం కాదు" అనే ధైర్యం ప్రతి బృందంలోనూ ఒకరిద్దరికి ఉంటుంది. ఇరవై ఏళ్ళుగా ఇంట్లో ఆర్వో నీళ్ళు, ఆఫీసులో క్యాన్ నీళ్ళు తాగుతున్న కడుపుకు ఆ పాత అలవాటు ఎక్కడుంటుంది? అమ్మగారి తరానికి కామెర్లు తెచ్చే హెపటైటిస్ ఎ లాంటివి చిన్నప్పుడే సోకి రక్షణ మిగిలి ఉండొచ్చు గానీ, మామూలు విరేచనాల క్రిములకు ఆ భరోసా లేదు. అమెరికా నుంచి సెలవులకు వచ్చి తాతయ్యలతో యాత్రకు బయల్దేరే పిల్లల సంగతి చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు మీ బృందం వంట దగ్గరికి వద్దాం. నా అనుభవంలో అసలు కథంతా ఇక్కడే. మన యాత్రా కంపెనీలు చాలావరకు వంటవాళ్ళను వెంట తెస్తాయి. ఆంధ్రా భోజనం, ఉల్లి వెల్లుల్లి లేని వంట అని చెబుతాయి. దాంతో జనానికి ఇంటి భోజనం అనే నిశ్చింత వచ్చేస్తుంది. వంటవాళ్ళు మనవాళ్ళే, నీళ్ళు మాత్రం అక్కడివి. పప్పు, సాంబారు, అన్నం కుతకుతా ఉడికి వస్తాయి కాబట్టి వాటితో భయం లేదు. పొద్దున ఇడ్లీలోకి కొబ్బరి చట్నీ చూడండి. మిక్సీలో రుబ్బేటప్పుడు నీళ్ళు పోస్తారు, జారుగా రావడానికి ఇంకో గ్లాసు పోస్తారు, పైన పోపు వేస్తారు. ఆ పోపు వేడి చట్నీ మొత్తానికి తగలదు. మజ్జిగ కూడా అంతే. పెరుగు మంచిదే, దాన్ని పలచన చేసిన బకెట్టు నీళ్ళు ఎక్కడివన్నదే ప్రశ్న. బస్సు ప్రయాణానికి కట్టిచ్చే పెరుగన్నంలో అన్నం గట్టిపడకుండా చివర్లో చల్లే నీళ్ళు, దోసకాయ ముక్కలు, కడిగిన కొత్తిమీర, తడి ఆరని స్టీలు పళ్ళేలు, అన్నీ ఇదే బాపతు.

కాబట్టి బయల్దేరకముందే మేనేజరుతో మాట్లాడండి. "తాగడానికి ఏ నీళ్ళిస్తారు?" అని అడిగితే "బిస్లరీనే సార్" అని జవాబొస్తుంది, అక్కడితో ఆగకండి. "చట్నీలోకి, మజ్జిగలోకి ఏ నీళ్ళు వాడతారు?" అని అడగండి. రాత్రే ఒక పెద్ద గిన్నెడు నీళ్ళు మరగబెట్టి మూతపెట్టి చల్లార్చుకుంటే మర్నాడు ఈ పనులన్నిటికీ సరిపోతాయి. పెద్ద ఖర్చు కాదు, గ్యాస్ కొంచెం ఎక్కువవుతుంది. నలుగురు యాత్రికులు కలిసి అడిగితే చేస్తారు. చేయకపోతే మీవరకు మీరు చట్నీ బదులు కారప్పొడి, మజ్జిగ బదులు గట్టి పెరుగు తినండి. ఇంటి నుంచి కంది పొడి, నెయ్యి తీసుకెళ్తే అమ్మగారికీ హాయి. భక్తపూర్‌లో మట్టి మూకుళ్ళలో తోడుపెట్టే 'జుజు ధౌ' పెరుగు కాచిన పాలతో చేసేదే. మూతపెట్టి ఉన్నదీ, నమ్మకమైన కొట్టులో కొన్నదీ అయితే నేను తింటాను. లస్సీ మాత్రం తాగను, ఐసు వేసింది అసలే తాగను.

తీర్థం సంగతి మీరు అడగలేదు గానీ, చెప్పకుండా ఉండలేను. ముక్తినాథ్ గుడి వెనక అర్ధచంద్రాకారంగా 108 గోముఖ ధారలుంటాయి. మంచు నీళ్ళు. జనం తల వంచుకుని ఒకదాని కింద నుంచి ఒకదాని కిందికి పరుగెడతారు. ఆ చలికి నోరు దానంతట అదే తెరుచుకుంటుంది, నాలుగు గుక్కలు లోపలికి వెళ్తాయి. ఆఖర్న దోసిలి పట్టి తాగేవాళ్ళు సరేసరి. కొండమీద నుంచి వచ్చే నీళ్ళు కంటికి తేటగా ఉన్నాయంటే క్రిములు లేవని కాదు. పైన పశువులు తిరుగుతాయి, పక్షులుంటాయి. విరేచనాలు తెచ్చే జియార్డియా లాంటి సూక్ష్మజీవులు చల్లటి నీళ్ళలో వారాల తరబడి బతికి ఉంటాయి. బాబుకు ముందే చెప్పండి: పెదాలు బిగించి పరుగెత్తాలి, అయిపోగానే తువ్వాలుతో ముఖం తుడుచుకోవాలి. దాన్నో ఆటలా చెబితే వింటాడు. అసలు ఆరేళ్ళ పిల్లాడికి అన్ని ధారలూ వద్దు, నాలుగు చుక్కలు తలమీద చల్లితే చాలు.

అమ్మగారిని తీర్థం తాగొద్దంటే బాధపడతారు. 108 దివ్యదేశాల్లో ఒకటైన చోటికి అంతదూరం వెళ్ళి తీర్థం పుచ్చుకోవద్దని నేనూ చెప్పను. నేను పెద్దవాళ్ళతో చేయించే పని ఒకటుంది. ఒక చిన్న సీసాలో ఆ ధార నీళ్ళు పట్టుకుని, బసకు వచ్చాక కెటిల్‌లో మరిగించి, చల్లారాక అందరూ తలా ఒక ఉద్ధరిణెడు తీసుకోవడం. మరిగించినంత మాత్రాన తీర్థం తీర్థం కాకుండా పోదు. గుడిలో పూజారి చేతిలో పోస్తే కళ్ళకద్దుకుని తలమీద రాసుకోమనండి. పశుపతినాథ్ దగ్గర బాగ్మతి విషయంలో నా మాట ఇంకా గట్టిగా ఉంటుంది. ఆ నది ఖాట్మండు మురుగు మోస్తోంది. ఆచమనానికి కూడా సీసా నీళ్ళే వాడండి, నదికి చేతులెత్తి దండం పెట్టండి.

ఇక నీళ్ళను శుభ్రం చేసుకునే పద్ధతులు. వీటిలో మరగబెట్టడాన్ని మించింది లేదు. బ్యాక్టీరియా, వైరస్, జియార్డియా వంటివి అన్నీ చస్తాయి. నీళ్ళు తెర్లుతున్న తర్వాత ఒక నిమిషం ఉంచితే చాలు. 2,000 మీటర్లకు పైన మూడు నిమిషాలు ఉంచమంటారు, ఎందుకంటే ఎత్తు పెరిగేకొద్దీ నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి. 3,700 మీటర్లు దాటిన ముక్తినాథ్‌లో దాదాపు 88 డిగ్రీలకే తెర్లుతాయి. "అయితే క్రిములు చావవేమో" అని టెన్షన్ అక్కర్లేదు. 70 డిగ్రీల దగ్గరే చాలావరకు చస్తాయి, మిగిలిన రెండు నిమిషాలు భరోసా కోసం. అన్నం మాత్రం కుక్కర్ లేకపోతే పలుకుగానే ఉంటుంది. మానససరోవరం దాకా వెళ్ళేవాళ్ళకూ ఇదే లెక్క. అది 4,500 మీటర్ల పైన ఉంది, అక్కడా మూడు నిమిషాలు తెర్లితే తాగొచ్చు.

అందుకే నేను ఎవరికైనా చెప్పే మొదటి కొనుగోలు ఫిల్టరు కాదు, లీటరు పట్టే ఎలక్ట్రిక్ కెటిల్, ఒక మంచి ఫ్లాస్కు. రాత్రి పడుకునేముందు రెండు విడతలు మరిగించి స్టీలు సీసాల్లో పోసుకుంటే పొద్దున పళ్ళు తోముకోవడానికి, మందులు వేసుకోవడానికి, దారిలో తాగడానికి సరిపోతాయి. కెటిల్ దానంతట అదే ఆగిపోతే మీట మళ్ళీ నొక్కండి. ముక్తినాథ్‌కు దిగువన ఉన్న జోమ్‌సోమ్ వైపు కరెంటు పోవడం మామూలే, కాబట్టి కరెంటు ఉన్నప్పుడే పని కానిచ్చేయండి. హోటల్లో వేడి నీళ్ళు అడిగితే కొన్నిచోట్ల గీజరు నీళ్ళు పట్టి ఇస్తారు. 'ఉమాలేకో పానీ' అని అడిగితే మరిగించిన నీళ్ళు కావాలని వాళ్ళకు అర్థమవుతుంది. దారిలో ఏమీ దొరక్కపోతే పాలతో కలిపి మరిగించిన టీ కన్నా నమ్మకమైంది లేదు. గ్లాసు తడిగా ఉంటే టిష్యూతో తుడుచుకోండి.

సీల్ ఉన్న బాటిల్ కొనేటప్పుడు రెండు క్షణాలు ఆగండి. మూత తిప్పితే కటకటమని రింగు తెగాలి. తలకిందులు చేసి నొక్కితే చుక్క కూడా కారకూడదు. ఖాళీ సీసాలు నింపి అమ్మేవాళ్ళు ఏ దేశంలోనైనా ఉంటారు, అందుకే తాగేశాక సీసాను నలిపి పారేయండి. హోటళ్ళలో, భోజనశాలల్లో ఉండే 20 లీటర్ల నీలం జార్లను సీల్ బాటిల్‌తో సమానంగా చూడకండి. జార్ నీళ్ళలో కోలిఫాం క్రిములు (మురుగు కలిసిందనడానికి గుర్తు) బయటపడిన పరీక్షలున్నాయి. అవి కెటిల్‌లో పోసుకుని మరిగించుకోవడానికి బాగుంటాయి. అన్నపూర్ణ ప్రాంతంలో కొన్ని ఊళ్ళలో ఓజోన్‌తో శుద్ధిచేసి లీటరు లెక్కన అమ్మే తాగునీటి కేంద్రాలున్నాయి. తెరిచి ఉంటే అక్కడ సొంత సీసా నింపుకోవడం మంచిదే. కొండల్లో ప్లాస్టిక్ గుట్టలు చూశాక నాకు వాటి మీద గౌరవం పెరిగింది.

టీడీఎస్ మీటరు ఇంట్లోనే వదిలేయండి. అది నీళ్ళలో కరిగిన లవణాలను కొలుస్తుంది, అంతే. క్రిములు దానికి కనిపించవు. కొండవాగు నీళ్ళకు 40 చూపించవచ్చు, అందులో టైఫాయిడ్ ఉండొచ్చు. మన బోరు నీళ్ళకు 600 చూపించవచ్చు, అవి తాగినా కడుపుకు ఏమీ కాకపోవచ్చు. నల్లగొండ ఫ్లోరైడ్ చూసి పెరిగినవాళ్ళకు నీళ్ళంటే లవణాల భయమే ముందు గుర్తొస్తుంది. వారం పది రోజుల యాత్రలో ఆ భయం అనవసరం. సరిహద్దు ఊరు సునౌలీ నుంచి బస్సులో వెళ్ళే దారిలో, తరాయి అనే నేపాల్ మైదాన ప్రాంతంలో కొన్ని చేతిపంపుల్లో ఆర్సెనిక్ ఉన్నమాట నిజమే. అది ఏళ్ళ తరబడి తాగితే వచ్చే బాధ. ఒక పూటకు భయపడాల్సింది క్రిములకే.

క్లోరిన్ మాత్రలు ఒక చిన్న పట్టీ దగ్గర పెట్టుకోండి. నేపాల్ మందుల షాపుల్లో 'పీయూష్' అనే క్లోరిన్ చుక్కల సీసా దొరుకుతుంది. సీసా మీద రాసిన కొలత ప్రకారం వేసి అరగంట ఆగాలి. నీళ్ళు మంచులా చల్లగా ఉంటే ఇంకా ఎక్కువసేపు ఆగాలి. బురదగా ఉంటే ముందు గుడ్డతో వడకట్టాలి, లేకపోతే మందంతా ఆ బురదకే ఖర్చయిపోతుంది. సీసా మూత మరల్లో కూడా ఆ నీళ్ళు తగిలేలా కాస్త వంచి తిప్పడం మరవకండి. పెదవి తగిలేది అక్కడే.

మీరు మే చివర్లో వెళ్తున్నారు కాబట్టి ఒక ప్రత్యేకమైన హెచ్చరిక. సైక్లోస్పోరా అనే సూక్ష్మజీవి నేపాల్‌లో ఎండాకాలం చివరి నుంచి వానాకాలం అంతా ఎక్కువగా ఉంటుంది. 1989లో ఖాట్మండులోని సీవెక్ క్లినిక్‌కు వారాల తరబడి తగ్గని విరేచనాలతో విదేశీయులు వరసగా వచ్చారు. మైక్రోస్కోపులో కనబడ్డదాన్ని మొదట నాచు జాతి అనుకున్నారు. ఇది క్లోరిన్‌కు చావదు. మరిగిస్తే చస్తుంది. 0.1 మైక్రాన్ ఫిల్టరులో ఆగిపోతుంది. అందుకని ఈ సీజన్‌లో మాత్రల మీదే ఆధారపడటం నాకు ఇష్టం లేదు. ఆకుకూరలు, పచ్చి ముక్కలు కూడా ఇదే కారణానికి మానేయండి. అరటిపండు, నారింజ లాంటివి మీరే ఒలుచుకుని తినండి.

ఫిల్టరు కొనాలా అంటే, మీ బృందయాత్రకు అవసరం లేదు. సొంతంగా నడిచి కొండలెక్కేవాళ్ళకు పనికొస్తుంది. సన్నటి గొట్టాలున్న ఆ ఫిల్టర్లు బ్యాక్టీరియాను, జియార్డియాను ఆపుతాయి, వైరస్‌లను ఆపలేవు. ఒకసారి తడిసిన ఫిల్టరు గడ్డకడితే లోపల చిట్లుతుంది, పైకి తెలియదు. అతినీలలోహిత కాంతితో క్రిములను చంపే యూవీ పెన్నులు తేట నీళ్ళలోనే పనిచేస్తాయి, పైగా ఛార్జింగ్ గొడవ.

వైరస్‌లంటే గుర్తొచ్చింది, బృందంలో గర్భిణులు ఎవరైనా ఉంటే ఈ సీజన్‌లో వద్దని గట్టిగా చెప్పండి. 1973 నుంచి ఖాట్మండు లోయలో హెపటైటిస్ ఇ పలుమార్లు పెద్ద ఎత్తున ప్రబలింది. 2014లో తూర్పు నేపాల్‌లోని విరాట్‌నగర్‌లోనూ వచ్చింది. నెలలు నిండుతున్నవాళ్ళకు ఆ కామెర్లు ప్రాణం మీదికి తెస్తాయి, మన దగ్గర దానికి మామూలుగా దొరికే టీకా కూడా లేదు.

టైఫాయిడ్‌కు మాత్రం టీకా ఉంది. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసే టైఫాయిడ్ టీకాను లలిత్‌పూర్‌లోనే 20 వేల మంది పిల్లల మీద పరీక్షించారు. 2019లో వెలువడిన ఫలితాల్లో సుమారు 82 శాతం రక్షణ కనిపించింది. బాబు టీకా కార్డు తీసి టైఫాయిడ్, హెపటైటిస్ ఎ రెండూ పడ్డాయో లేదో చూడండి. లేకపోతే ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు పిల్లల డాక్టరును కలవండి. మీకూ అప్పుడే అడగండి.

మందుల సంచిలో అన్నిటికంటే ముందు ఉండాల్సింది ఓఆర్ఎస్ ప్యాకెట్లు. పొడి ప్యాకెట్లే కొనండి. టెట్రాప్యాక్‌లో వచ్చే తియ్యటి పానీయాలు వేరు, ఓఆర్ఎస్ వేరు. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి వాటి మీద ఓఆర్ఎస్ అనే పేరు వాడొద్దని ఆదేశించింది. ప్యాకెట్ మీద లీటరుకు అని ఉందా, 200 మి.లీ.కి అని ఉందా చదివి కలపండి. మన దగ్గర రెండు రకాలూ అమ్ముతారు, తారుమారైతే పిల్లలకు ఉప్పు ఎక్కువైపోతుంది. అయిపోతే నేపాల్‌లో 'జీవన్ జల్' అని అడగండి, అదీ ఓఆర్ఎస్సే. ఏదీ దొరక్కపోతే లీటరు మరిగించిన నీళ్ళలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు వేయండి. టీ చెంచాతో, గీసినట్టు సమంగా కొలవాలి. అమ్మగారికి షుగర్ ఉందని ఓఆర్ఎస్ ఆపకండి. విరేచనాలు పట్టుకున్న రోజు కొన్ని షుగర్ మాత్రలు, నీరు పోయేలా చేసే బీపీ మాత్రలు తాత్కాలికంగా ఆపాల్సి రావచ్చు. ఏవి ఆపాలో ఇక్కడే డాక్టరును అడిగి కాగితం మీద రాయించుకుని వెళ్ళండి.

ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపిన మాత్ర మనవాళ్ళ ప్రతి సంచిలోనూ ఉంటుంది, రెండుసార్లు వెళ్ళగానే వేసేసుకుంటారు. నేపాల్‌లో ఓఫ్లాక్సాసిన్ కుటుంబం మందులకు చాలా క్రిములు లొంగడం మానేశాయి. యాంటీబయోటిక్ అవసరమైతే ఏది వాడాలో, ఎప్పుడు వాడాలో వెళ్ళేముందే మీ డాక్టరు చెబుతారు. విరేచనాలను బిగబట్టే లోపెరమైడ్ పిల్లాడికి వేయొద్దు. రక్తం పడినా, జ్వరం ఉన్నా పెద్దవాళ్ళకూ వద్దు, ఆసుపత్రికే వెళ్ళాలి. బాబు ఆరు గంటలుగా మూత్రానికి వెళ్ళకపోతే, పిలిచినా మత్తుగా ఉంటే ఇంక ఆలస్యం చేయకండి. ముక్తినాథ్ మీద వాంతులు, తలనొప్పి వచ్చాయంటే తిండి పడలేదని అనుకుని కూర్చోకండి. అది ఎత్తు వల్ల కావచ్చు. అలాంటప్పుడు జోమ్‌సోమ్‌కు, వీలైతే ఇంకా కిందికి దిగిపోవడమే మందు.

తిరిగి వచ్చాక కూడా ఒక నెలన్నర గుర్తుపెట్టుకోండి. టైఫాయిడ్ బయటపడటానికి ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది, హెపటైటిస్ ఎ కామెర్లకు ఏడు వారాలు కూడా పట్టొచ్చు. జ్వరం వచ్చి డాక్టరు దగ్గరికి వెళ్తే నేపాల్ వెళ్ళొచ్చామని మీరే ముందు చెప్పండి. విరేచనాలు పది రోజులు దాటి, ఆకలి చచ్చి, నీరసంగా ఉంటే మల పరీక్షలో సైక్లోస్పోరా కూడా చూడమని పేరు చెప్పి అడగండి. మామూలు పరీక్షలో అది కనబడదు, దానికి వేరే రంగు వేసి చూడాలి. బయటపడితే కోట్రైమాక్సజోల్ అనే పాత మందుతోనే తగ్గుతుంది. సల్ఫా మందులు పడనివాళ్ళు ఆ మాట డాక్టరుకు ముందే చెప్పాలి.